పెనం మీంచి సముద్రంలోకి!

అదో చేప. నిజం చేప కాదు, చేప ఆకారంలో ఉన్న తినుబండారం. రోజూ పెనం మీద కాలి కాలి విసుగెత్తిపోయింది. ఓ పొద్దున దుకాణదారుడితో పోట్లాడి సముద్రంలోకి దూకేసింది. చిన్నపిల్లల కోసం రాసిన పాట ఇది. విన్నాక ఎక్కువగా కదిలిపోయింది మాత్రం వాళ్ల నాన్నలు! దాదాపు యాభై ఏళ్లవుతున్నా, జపాన్‌లో మరే సింగిల్ రికార్డూ దాని అమ్మకాల్ని దాటలేకపోయింది.

ఆ తినుబండారం పేరు తాయియాకి. 'తాయి' అంటే ఓ సముద్రపు చేప, 'యాకి' అంటే కాల్చింది. పేరులో చేప ఉంది గానీ, అందులో చేప ఉండదు. మన పొంగణాల పెనానికి గుండ్రటి గుంటలున్నట్టే దాని ఇనుప అచ్చుకి చేప ఆకారంలో గుంటలుంటాయి. అందులో గోధుమపిండి జారు పోసి, మధ్యలో పూర్ణం పెట్టి, మూతేసి కాలుస్తారు. మన బూరెల్లోకి శనగపప్పు పూర్ణం. వాళ్లకి అజుకి అనే ఎర్రటి గింజల్ని ఉడికించి చక్కెర కలిపిన ముద్ద.

ఫుజి టీవీలో 'హిరాకే! పొన్‌కిక్కి' అని పిల్లల కార్యక్రమం వచ్చేది. 1975లో అందులో ఈ పాట మొదలైంది. పేరు 'ఒయొగె! తాయియాకి-కున్'. 'ఈదరా, తాయియాకి బాబూ' అన్నట్టు. పిల్లలు పదేపదే అడగడంతో ఆ ఏడాది డిసెంబరు 25న రికార్డుగా తెచ్చారు. టీవీలో పాడిన గాయకుడికి వేరే కంపెనీతో ఒప్పందం ఉండటంతో, రికార్డు కోసం మసాతో షిమోన్‌తో పాడించారు. బొంగురు కలిసిన నిండైన గొంతు ఆయనది. పిల్లల పాటన్నమాటే గానీ బాణీలో ఎక్కడా కేరింత లేదు. దిగులే!

ఇక కథ. కడుపులో పూర్ణం బరువు ఉన్నా, మొదటిసారి ఈదుతున్న చేపకి సముద్రం ఎంతో హాయిగా ఉంటుంది. మునిగిపోయిన ఓడలో కాపురం. అప్పుడప్పుడూ సొరచేపల బెడద. అన్నిటికీ మించి ఆకలి. ఓ రోజు గాలానికున్న ఎర తినబోయి చిక్కుకుంటుంది. ఒడ్డుకి లాగిన మనిషి నోరూరి గుటుక్కున మింగేస్తాడు. ఎంత ఈదినా తను తాయియాకినే కదా అని చివర్లో దానికే తెలిసొస్తుంది. పెనం మీంచి పొయ్యిలో పడటమంటే ఇదే కాబోలు. పిల్లల పాటకి ఇలాంటి ముగింపు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆ రోజులు కూడా అలాంటివే. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. టాయ్‌లెట్ పేపర్ దొరకదన్న పుకారుతో జనం దుకాణాల ముందు బారులు తీరారు. మరుసటి ఏడాది, యుద్ధం తర్వాత మొదటిసారిగా, ఆర్థిక వృద్ధి సున్నా కన్నా కిందకి పోయింది. పొద్దున్నే కిక్కిరిసిన రైలెక్కి ఆఫీసుకెళ్లి, పొద్దుపోయాక ఇల్లు చేరే ఉద్యోగికి ఆ చేప తనే అనిపించింది. రోజూ అదే పెనం, అదే కాలడం. దూకేస్తే బాగుండును... కానీ ఆ తర్వాత? రికార్డు 45 లక్షలకు పైగా అమ్ముడైంది. అప్పటి జపాన్ జనాభా సుమారు 11 కోట్లు. అంటే పాతికమందికో రికార్డు!

పాడినందుకు షిమోన్‌కి ముట్టింది 50 వేల యెన్లు. ఒక్కసారి ఇచ్చే మొత్తం, అమ్మకాల్లో వాటా లేదు. చేపకైనా నాలుగు రోజులు సముద్రం దక్కింది.

మామూలు అమ్మాయిలుగా...

చేప పాట వచ్చిన రెండేళ్లలోపే, 1977 జులైలో, టోక్యోలోని హిబియా ఆరుబయలు వేదిక మీద ముగ్గురు అమ్మాయిలు ఏడుస్తూ నిలబడ్డారు. రాన్, సూ, మికి. ముగ్గురూ కలిస్తే 'క్యాండీస్'. టీనేజీలోనే పాటల్లోకి వచ్చినవాళ్లు, అప్పటికి ఇరవయ్యో ఏడు దాటి ఎంతో కాలం కాలేదు. తిరిగి మామూలు అమ్మాయిలమైపోవాలని ఉందంటూ ఆ రోజే విడిపోతున్నట్టు చెప్పేశారు. ఆ మాట దేశమంతా నానుడైపోయింది.

అభిమానులు ఆపలేదు. పంతంగా సాగనంపారు! అప్పటిదాకా క్యాండీస్ పాట ఒక్కటీ ఒరికాన్ పట్టికలో మొదటి స్థానానికి రాలేదు. చివరి పాటనైనా నిలబెట్టాలని కొన్నారు, కొనిపించారు. 'హొహొయెమి గాయెషి' అలా మొదటి స్థానానికెక్కింది. 1978 ఏప్రిల్ 4న కొరాకుయెన్ స్టేడియంలో 55 వేల మంది రంగు కాగితపు రిబ్బన్లు విసురుతూ వీడ్కోలు చెప్పారు.

ఆ వీడ్కోలు పాట రాసింది యోకో అకి అనే రచయిత్రి. రెండేళ్లకే ఆమె మరో వీడ్కోలు రాయాల్సొచ్చింది, మొమొయె యమగుచి కోసం.

యోకోసుకాలో తల్లి రెక్కల కష్టం మీద పెరిగిన పిల్ల మొమొయె. టీవీ పోటీలో నెగ్గుకొచ్చి 1973లో, పద్నాలుగేళ్లకి, మొదటి రికార్డు ఇచ్చింది. ఏడేళ్లలో ఆమె పాట వినని ఇల్లు లేదు. కలిసి నటించిన తొమొకాజు మియురాని పెళ్లి చేసుకుంటున్నానని, ఇక పాడనని ప్రకటించింది. 1980 అక్టోబరు 5న బుదోకాన్‌లో ఆఖరి కచేరీ. అకి రాసిన 'సయొనారా నో ముకోగవా' పాడి, తల వంచి నమస్కరించి, తెల్లటి మైకుని వేదిక మీద పడుకోబెట్టినట్టు మెల్లగా ఉంచి వెళ్లిపోయింది. అప్పటికి ఆమెకి 21 ఏళ్లు.

ఎవరి ఒడ్డుకి వాళ్లు

వెళ్లిపోతామన్న వాళ్లంతా వెళ్లిపోగలిగారా? రాన్, సూ నటులుగా మళ్లీ తెరమీదికొచ్చారు. మికి 1983లో కొద్దికాలం పాడి మానేసింది. మామూలు అమ్మాయిల మాట ఏమైందని అప్పట్లో వెక్కిరించినవాళ్లున్నారు. అలసిపోయిన పిల్ల అన్న మాటని జీవితాంతం పూచీపత్రంలా చూపించడం న్యాయమేనా? అలా తిరిగొచ్చింది కాబట్టే, హిరోషిమా బాంబు బాధితురాలిగా 'కురోయి అమె'(1989)లో సూ నటనని జపాన్ చూడగలిగింది. 2011 ఏప్రిల్‌లో రొమ్ము క్యాన్సర్‌తో ఆమె కన్నుమూసింది. అంత్యక్రియల్లో ఆమె ముందే రికార్డు చేసిపెట్టిన మాటలు వినిపించారు. అప్పటికి నెల కిందటే వచ్చిన భూకంపం, సునామీల్లో పోయినవాళ్లని మంచమ్మీంచే తలచుకుందామె. రాన్ 2019లో మళ్లీ పాట అందుకుంది. 2023 డిసెంబరు 31న, ఏటా దేశమంతా చూసే ఎన్‌హెచ్‌కే కోహాకు వేదిక మీద 68 ఏళ్ల వయసులో క్యాండీస్ పాటలు పాడింది.

మొమొయె మాత్రం మళ్లీ మైకు పట్టుకోలేదు. 2019లో ఆమె పుస్తకమొకటి వచ్చింది. అందులో పాటల ఊసు కాదు, ఇన్నేళ్లూ ఇంట్లో కూర్చుని గుడ్డముక్కలు అతికి కుట్టిన బొంతలున్నాయి. అట్ట మీద పేరు యమగుచి కాదు, మొమొయె మియురా.