గాయం మీద కాపలా

పిల్లలూ, ఒక అబ్బాయి మోకాలి దెబ్బను ప్యాంటు కింద దాచుకుని నాలుగు రోజులు మా తరగతిలో కూర్చున్నాడు. కొత్తగా చేరినవాడు, ఎవరికి చెప్పాలో తెలియలేదట. చూసేసరికి పైన పొక్కు కట్టింది, అడుగున చీము పట్టింది.

"కట్టు కట్టకు, గాలి తగలనీ, ఎండితే మానుతుంది" అనే మాట మేము బదిలీ అయిన ప్రతి ఊళ్లోనూ విన్నాం. ఇక్కడ వైశాలి నగర్‌లోనూ వింటున్నాం. కానీ 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, పలుచని పొర కప్పి తడి ఆరకుండా ఉంచిన గాయాలే త్వరగా మానాయి. పొక్కు గట్టిపడితే కొత్త చర్మకణాలు దాని కిందనుంచి దారి వెతుక్కోవాలి. తడిలో అవి సులువుగా జరుగుతాయి.

చిక్కేమిటంటే, తడి, వెచ్చదనం బాక్టీరియాకూ ఇష్టమే. అవి పుండులో చేరి బయోఫిల్మ్ అనే జిగురుపొర అల్లుకుంటాయి. మందు ఆ పొరను దాటలేక తడబడుతుంది. మధుమేహం ఉన్న తాతయ్యల కాలిపుండుకైతే రక్తమే సరిగా అందదు, ఇక మింగిన మాత్ర ఎంత చేరుతుంది? అందుకే మందును గాయం మీదే ఉంచే పట్టీలు వచ్చాయి. పట్టీ తడిని కాపాడుతుంది, మందును కొద్దికొద్దిగా వదులుతుంది.

కొన్నింటిలో వెండి ఉంటుంది. తడి తగిలితే వెండి అయాన్లు బయటికి వచ్చి బాక్టీరియాను దెబ్బతీస్తాయి. కాలిన గాయాలకు వెండి కలిసిన లేపనం 1960ల చివరి నుంచీ ఉంది. (మన భిలాయి సెక్టార్-9 ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగమే ఉంది. ఉక్కు ఊరు కదా!) అయితే వెండి ఎక్కువైతే మన కణాలకూ ఇబ్బందే. చిన్న గీతకు అది అక్కర్లేదు.

మాకు బాగా నచ్చింది కైటోసాన్. రొయ్యల, పీతల పెంకుల నుంచి తీస్తారు. దానికి ధనావేశం, బాక్టీరియా పైపొరకు రుణావేశం. అతుక్కుని ఆ పొరను చెడగొడుతుంది, రక్తం కారడాన్నీ ఆపుతుంది. రొయ్యల చెరువులకు పేరున్న భీమవరంలోనే 1895లో యల్లాప్రగడ సుబ్బారావు పుట్టారు. అమెరికాలో ఆయన నడిపించిన పరిశోధన విభాగం నుంచే 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ లోకానికి తెలిసింది. అలాంటి మందులను అవసరం లేకుండా వాడగా వాడగా, వాటికి లొంగని బాక్టీరియా పెరిగింది. కైటోసాన్ వంటి వాటి కోసం వెతకడానికి అదీ ఒక కారణం.

దెబ్బ తగిలితే శుభ్రమైన నీటితో కడగండి. కాఫీపొడి, టూత్‌పేస్టు పెట్టకండి. చుట్టూ ఎరుపు పాకినా, చీము, జ్వరం వచ్చినా డాక్టరు చూడాలి. బడిలో చేరి రెండు రోజులే అయినా సరే, ఎదురుగా ఉన్న టీచరుకు చెప్పేయండి.