జ్వరం విడిచిన వారం

మన పల్లెలలో జ్వరం విడిచిన మనిషికి పథ్యం పెట్టడమంటే ఇంటిల్లిపాదికీ ఒక చిన్న పండుగ. లంఖణాలు ముగిసినవి, నాలుగు మెతుకులు చారన్నం లోపలికి పోయినది, ఇక ప్రాణభయం లేదని అందరూ తెరిపిన పడతారు. ఆపైన జ్వరం తిరగబెట్టిందో, నేరం పథ్యం మీదనే పడుతుంది. రోగి చాటుగా ఏదో తినరానిది తిన్నాడంటారు. మధ్య ఐరోపా అడవులలో పుట్టే జ్వరమొకటి ఉన్నది. అది పథ్యంతో నిమిత్తం లేకుండానే తిరగబెడుతుంది. విడిచిపోయినట్లు నటించి, ఒక వారం రోజులు మనిషిని తన పనిపాటలకు వదలిపెట్టి, ఆ తరువాత వచ్చి మెదడును పట్టుకుంటుంది. వైద్యులు దానిని టిక్ బార్న్ ఎన్సెఫలైటిస్ అంటారు. తెలుగులో చెప్పుకోవలెనంటే, పిడుదుకాటు వలన వచ్చే మెదడువాపు.

పశువుల చెవులలోను, కుక్కల మెడలమీదను కరచుకొని వేలాడే పిడుదును మనమందరం ఎరుగుదుము. కొన్ని సీమలలో దానినే గోమారి అంటారు. దాని జ్ఞాతి ఇక్సోడిస్ రిసినస్ అనే పిడుదు. జర్మనీ, ఆస్ట్రియా, స్లొవేనియా, చెక్ దేశం, బాల్టిక్ రాజ్యాలు దాని నివాసం. వసంతంలో మంచు కరగిన తరువాత గడ్డిపరకల మీదికి ప్రాకి, ముందుకాళ్ళు చాచి, దారిన పోయే లేడి కొరకో మనిషి కొరకో కాచుకొని ఉంటుంది. కరిచినచోట నొప్పి తెలియనీయని గుణం దాని లాలాజలంలో ఉన్నది. జబ్బుపడి ఆసుపత్రికి వచ్చినవారిలో మూడవవంతు మందికైనా కాటు జ్ఞాపకముండదు. వైరస్ కూడ ఆ లాలాజలంలోనే ఉండడం చేత కాటు పడిన కొద్ది నిమిషాలలోనే ఒంటిలో ప్రవేశిస్తుంది. చూడగానే పిడుదును పెరికివేయడం మంచిదే గాని, ఈ వ్యాధి విషయంలో అది సంపూర్ణ రక్షణ కానేరదు. పాలద్వారా సోకడం కూడ కలదు. 1951లో స్లొవేకియాలోని రోజ్నావా ప్రాంతంలో కాచని మేకపాలు కలిసిన ఆవుపాలు త్రాగి ఆరువందల మందికి పైగా జబ్బుపడ్డారు. పాలు కాచి త్రాగే మన అలవాటును ఛాందసమని నవ్వేవారికి ఈ సంగతి చెప్పదగినది.

కాటు పడిన వారానికో, రెండు వారాలకో మొదటి జ్వరం వస్తుంది. ఒళ్ళునొప్పులు, తలనొప్పి, వికారం, లేవలేని నిస్సత్తువ. ఏ వైద్యుడైనా దీనిని పడిసెపు జ్వరమనే అనుకుంటాడు. అనుకోకపోవడానికి ఆధారమేమీ లేదు. రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు తగ్గి ఉంటవి. నాలుగైదు రోజులకు జ్వరం దానంతటదే విడుస్తుంది. ఆకలి పుడుతుంది. రోగి రోగి కాకుండా పోతాడు. రైతు పొలానికి, గుమాస్తా కచ్చేరీకి వెళతారు. సుమారు వారం రోజులపాటు, ఒకప్పుడు ఇంకను ఎక్కువ కాలం, ఇట్లా గడుస్తుంది. కొందరికి కథ ఇక్కడనే ముగుస్తుంది. వారు తమకు వచ్చినదేమిటో ఎన్నటికీ తెలుసుకోరు. తక్కినవారి విషయంలో వైరస్ ఈలోపుగా మెదడు చేరుకుంటుంది. ఈ వ్యాధి లక్షణాలన్నిటిలోను ఈ విరామమే నాకు ఎక్కువ క్రూరంగా తోస్తుంది.

రెండవ జ్వరం మొదటిదానికంటె తీవ్రమైనది. భరించరాని తలపోటు, వాంతులు, మెడ వంచలేని బిగువు కనిపిస్తవి. ఆసుపత్రికి వచ్చే పెద్దవారిలో దరిదాపు సగంమందికి వాపు మెదడును కప్పియున్న పొరలకే పరిమితమై ఉంటుంది. నూటికి నలభైమందికి మెదడే వాస్తుంది. అప్పుడు మనిషి మగతగా పడి ఉంటాడు. భార్యను గుర్తింపడు, తేదీ చెప్పలేడు. నాలుక చాపమంటే వణుకుతుంది, చేతులు చాపమంటే వ్రేళ్ళు వణుకుతవి. నడిపిస్తే త్రాగినవానివలె తూలుతాడు. అనుభవజ్ఞులైన వైద్యులు ఈ వణకును చూచియే సగం నిర్ణయానికి వస్తారు. మిగిలిన పదిమందికి వెన్నుపాము కూడ చెడుతుంది. భుజాలలోను చేతులలోను దుస్సహమైన నొప్పి పుట్టి, కొద్దిరోజులలో ఆ కండరాలే చచ్చుబడతవి. పోలియోలో కాళ్ళు పోవడం హెచ్చు. ఇందులో భుజాలు, చేతులు, మెడ ముందుగా పోతవి. ఊపిరి తీసే కండరాలు కూడ పట్టుబడితే శ్వాసయంత్రమే దిక్కు.

ఇక్కడ వైద్యునికొక చిక్కు. రెండవ జ్వరం నాటికి వైరస్ రక్తంలోనుండి మాయమై ఉంటుంది. వెన్నునుండి తీసిన నీటిలో కూడ అది దొరకడం అరుదు. దానికి ప్రతిగా శరీరం పుట్టించుకొన్న ప్రతిరక్షకాలు మాత్రమే రక్తంలో కనబడతవి. దొంగ పోయిన తరువాత అడుగుజాడలు కొలుచుకొన్నట్లు వాటినిబట్టి రోగం నిర్ణయించవలసినదే. కావున పదిరోజుల క్రిందట చిన్న జ్వరమేమైనా తగిలిందా, అంతకుముందు అడవికి వెళ్ళినారా అనే ప్రశ్నలకు విలువ ఎక్కువ. అయితే మూడింట ఒకవంతు మందికి ఈ రెండు అలలు ఉండవు. వారికి జబ్బు తిన్నగా మెదడు మీదికే వస్తుంది.

పసివాళ్ళకు ఈ జబ్బు చాలవరకు తేలికగా పోతుంది. వయసు పెరిగినకొద్దీ, అందులోను యాభై దాటినవారిలో, ఇది కఠినమవుతుంది. ఐరోపా రకంలో చనిపోయేవారు నూటికి ఒకరిద్దరే. ఆ అంకె చూచి తేలిక పడరాదు. బ్రతికిన పెద్దలలో మూడవవంతుకు పైగా నెలల తరబడి, కొందరు ఏళ్ళ తరబడి, మరుపు, తలనొప్పి, ఏకాగ్రత లేమి, ఊరకే కన్నీరు, ఊరకే కోపం, చెవుడు వంటి బాధలు పడతారు. లెక్కలు వ్రాసుకొని బ్రతికే మనిషికి అంకెలు నిలువకపోతే ఆ నష్టం మరణాల పట్టికలో కనబడదు. చచ్చుబడిన భుజం పూర్తిగా తిరిగి రావడం బహు అరుదు.

దీనిని మొదట వివరించిన కీర్తి ఆస్ట్రియా వైద్యుడు హాన్స్ ష్నైడర్‌ది. తన ఆసుపత్రిలో ఏటేటా ఒకే ఋతువులో వచ్చే రోగులను గమనించి 1931లో ఆయన వ్రాశాడు. కారణం పట్టుకొన్నది మాత్రం సోవియెట్ దూరప్రాచ్యంలో. 1937లో లెవ్ జిల్బర్ నాయకత్వాన ఒక శాస్త్రజ్ఞుల బృందం అక్కడికి వెళ్ళింది. దోమలవలన వచ్చినదని అదివరకటి ఊహ. దోమలు లేవని వసంతారంభంలోనే కట్టెలు కొట్టేవారు జబ్బు పడుతున్నారేమని జిల్బర్ ఆలోచించాడు. ఆ ఆలోచనే పిడుదుల దగ్గరకు దారితీసింది. నెలల వ్యవధిలో వైరస్ దొరికింది. ఆ ఏటనే జిల్బర్‌ను ప్రభుత్వం నిర్బంధించింది. ఆయన తమ్ముడే ప్రసిద్ధ నవలాకారుడు వెనియామిన్ కవేరిన్. బృందంలోని మిఖాయిల్ చుమకోవ్ ఇరువదియేడేండ్ల యువకుడు. అతనికి ఆ వ్యాధే సోకి కుడిచేయి పడిపోయింది, వినికిడి చెడింది. ఆ ఒంటిచేతితోనే ఆయన తరువాతి కాలంలో తన దేశానికి పోలియో టీకా తయారుచేసి పెట్టాడు. అక్కడి రకం మరింత ఘోరమైనది. అది విరామమనే దయ కూడ చూపదు. ఒక్క ఊపున వచ్చి, నూటికి ఇరవైమందిని, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువమందిని పొట్టన పెట్టుకొన్నది.

నేటికీ ఈ వైరస్‌ను చంపే మందు లేదు. నొప్పి తగ్గించడం, నీరూ శ్వాసా నిలబెట్టడం, తరువాత నెలలకొద్దీ వ్యాయామ చికిత్స, ఇంతే. కాని టీకా ఉన్నది. మొదట మూడు మోతాదులు, ఆపైన కొన్నేళ్ళకొకసారి ఒకటి. ఆస్ట్రియాలో 1970ల చివర ఏటా కొన్నివందల మంది ఆసుపత్రుల పాలయ్యేవారు. 1980ల ఆరంభం నుండి ఊరూరా టీకాలు వేయగా ఆ సంఖ్య బాగా పడిపోయింది.

మనకు ఇది పూర్తిగా పరాయి జబ్బు కాదు. 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోయి, వెంటనే మనుషులకు సోకిన జ్వరం ఈ కుటుంబంలోనిదే. దానిని తెచ్చేదీ పిడుదే. ఆ రోగులలో కూడ కొందరికి జ్వరం విడిచిన వారం రెండు వారాలకు మెడబిగువు, వణకు, మతిభ్రమ వస్తవి. ఐరోపా టీకా ఆ వైరస్ కొరకు చేసినది కాదు. జర్మనీలో దక్షిణాన ఉన్న బవేరియా, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రాలలో చాలాభాగం ఈ పిడుదుల సీమగా అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. చదువులకు అక్కడికి వెళ్ళిన తెలుగు పిల్లలెందరో ఉన్నారు. చలికాలంలో టీకా మొదలుపెడితే వసంతం నాటికి రక్షణ సిద్ధమవుతుంది. అడవిలో తిరిగి వచ్చిన తరువాత జ్వరం వచ్చి విడిచినవారు, రెండుమూడు వారాలలో తలపోటు పుడితే, వైద్యునికి రెండవ జ్వరం సంగతి చెప్పడానికి ముందుగా మొదటిదాని సంగతి చెప్పవలెను.