ఉచ్చు ముక్క

మన సంఘంలో పేకాట రానివారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఉగాది సభ అయినా, వేసవి పిక్నిక్ అయినా, భోజనాలు కాగానే ఓ మూల దుప్పటి పరిచి పదమూడేసి ముక్కలు పంచేసుకుంటాము. మన పిల్లలు మాత్రం ఆ దుప్పటి దరిదాపులకు రారు. వాళ్ళ పేకలు వేరు. వాటిలో ఆసులూ రాజులూ ఉండరు, జోకరసలే ఉండడు. అటువంటి ఆటల్లో ఒకదాని గురించి, అందులోనూ ఒకే ఒక్క ముక్క గురించి ఇక్కడ వ్రాయాలనిపించింది. ఆట పేరు నెట్‌రన్నర్. ముక్క పేరు "స్నేర్!", అంటే ఉచ్చు.

ఈ ఆటను కల్పించిన రిచర్డ్ గార్ఫీల్డ్ గణితశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. మన పిల్లల అలమారాలు నింపేసిన "మేజిక్" ఆట (1993) కూడా ఆయనదే. నెట్‌రన్నర్ 1996లో వచ్చి త్వరలోనే మూలపడింది. 2012లో మరో కంపెనీ దానికి కొత్త రూపమిచ్చి, 2018లో ఆపేసింది. ఆ తరువాత అభిమానులే ఒక బృందంగా ఏర్పడి కొత్త ముక్కలు తయారుచేస్తున్నారు. మా ఇంట్లో ఉన్నది 2012 నాటి పెట్టె.

ఆట ఇద్దరిది. ఒకరు పెద్ద కంపెనీ. రెండోవారు ఆ కంపెనీ కంప్యూటర్లలోకి చొరబడే రన్నర్. కంపెనీ తన రహస్య పథకాలను బోర్లా పెట్టి, వాటి ముందు కంచెలు కట్టుకుని, డబ్బు పోసి పూర్తిచేసుకోవాలి. రన్నర్ ఆ లోపే వాటిని ఎత్తుకుపోవాలి. ముందు ఏడు పాయింట్లు వచ్చినవారిది గెలుపు. కంపెనీకి వంతుకు మూడు పనులు, రన్నర్‌కు నాలుగు. రన్నర్ చేతిలోని ముక్కలే అతని ప్రాణం. దెబ్బకొక ముక్క ఊడుతుంది, చేతిలో ఉన్నవాటికంటే ఎక్కువ దెబ్బలు తగిలితే ఆట అయిపోయినట్లే.

కిందటి వేసవిలో మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. రమ్మీలో ఎవరు ఏ ముక్క పారేశారో చివరిదాకా గుర్తుంచుకునే మనిషి. మా అమ్మాయికి పదహారేళ్ళు. తెలుగు అర్థమవుతుంది కాని జవాబు ఇంగ్లీషులోనే వస్తుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. నాయనమ్మా మనుమరాలూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడంతోనే మొదటి రెండు వారాలూ గడిచిపోయాయి. ఒకనాడు పెట్టె బయట ఉండగా అమ్మ "ఏమిటే ఈ పేక?" అని అడిగింది. ముక్క మీది ఇంగ్లీషంతా తెలుగులో చెప్పవలసిన అవసరం మా అమ్మాయికి అప్పుడు వచ్చింది. మా ఆవిడ, నేను పక్క గదిలో టీవీ గొంతు తగ్గించి కూర్చున్నాము. పేర్లు అమ్మే పెట్టింది: కంపెనీ దొర, రన్నర్ దొంగ, క్రెడిట్లు రూపాయలు, ట్యాగ్ అంటే ముద్ర.

ఇక ఉచ్చు సంగతి. దొర దీనిని పథకంలాగే బోర్లా పెట్టవచ్చు, చేతిలో ఉంచుకోవచ్చు, కట్టలో వదిలేయవచ్చు. దొంగ ఆశగా వచ్చి తీసి చూశాడా, దొర నాలుగు రూపాయలు కట్టి మూడు దెబ్బలు కొడతాడు, పైగా ఒక ముద్ర వేస్తాడు. చేతిలో రెండే ముక్కలున్న దొంగ అక్కడికక్కడే చస్తాడు. అయిదున్నవాడు బ్రతుకుతాడు కాని ముద్ర ఉంది. దొర తన వంతులో "స్కార్చ్‌డ్ ఎర్త్" అనే ముక్కతో ఇంకో నాలుగు దెబ్బలు వేస్తే మిగిలిన రెండు ముక్కలూ కాపాడవు. పారేసిన ముక్కల గుట్టలో మాత్రం ఉచ్చు పనిచేయదు.

విరుగుడు లేకపోలేదు. చేతిలో కనీసం మూడు ముక్కలు లేకుండా తెలియని ముక్క ముట్టుకోకూడదు. చివరి పనిగా అసలు వెళ్ళకూడదు. మొదటి పనిగానే వెళ్తే, తగిలినా ఒక పని, రెండు రూపాయలు ఖర్చుపెట్టి ముద్ర చెరుపుకోవచ్చు. మిగిలిన పనులతో ముక్కలు లాక్కోవచ్చు. "ఇన్‌ఫిల్ట్రేషన్" ముక్క ఉంటే బోర్లా పెట్టినదాన్ని తిప్పించి చూడవచ్చు. వీటన్నిటికంటే నాకు నచ్చినది దొర డబ్బు లెక్కపెట్టడం. నాలుగు రూపాయలు లేని దొర ఉచ్చు బిగించలేడు.

ఈ లెక్క మా అమ్మాయి త్వరగానే పట్టేసింది. ఒక సాయంత్రం ఇద్దరికీ అయిదేసి పాయింట్లు. అమ్మ ఒక ముక్క బోర్లా పెట్టింది, ముందు కంచె కూడా లేదు. చేతిలో సరిగ్గా నాలుగు రూపాయలు.

"నాయనమ్మా, నీ దగ్గర నాలుగు ఉన్నాయి. అది ఉచ్చే. నాకు తెలుసు."

"తెలిస్తే రాకమ్మా."

అది వెళ్ళలేదు. అమ్మ తన వంతులో మూడు పనులూ, మూడు రూపాయలూ ఆ ముక్క మీదే పెట్టి రెండు పాయింట్లు తీసుకుని ఆట ముగించింది. అది ఉచ్చు కాదు, పథకం! నాలుగు రూపాయలు రెండింటికీ సరిపోతాయి మరి.

ఇంజనీరుగా నాకు ఇదేమీ కొత్త కాదు. 1986లో లారెన్స్ బర్క్‌లీ లేబరేటరీలో క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు, కంప్యూటర్ ఖాతాలో 75 సెంట్ల తేడా ఎందుకొచ్చిందా అని వెతుకుతూ ఒక చొరబాటుదారుణ్ణి కనిపెట్టాడు. ఫోను లైను ఎక్కడిదో తేల్చాలంటే అతను చాలాసేపు లైను మీద ఉండాలి. అందుకని లేని రక్షణ పథకం గురించి దొంగ కాగితాలు బోలెడన్ని తయారుచేసి కంప్యూటర్లో పెట్టారు. అతను వాటిని చదువుతూ ఉండిపోయాడు, ఆచూకీ పశ్చిమ జర్మనీలోని హనోవర్‌లో తేలింది. ఇప్పుడు మా వృత్తిలో ఇటువంటి ఎరను హనీపాట్ అంటారు. తాళం మరీ సులువుగా వచ్చిన తలుపును తెలివైన దొంగ అనుమానిస్తాడు, కనుక దానికీ కాస్త కంచె వేయాలి.

మరునాడు మా అమ్మాయి "అకౌంట్ సైఫన్" తీసింది. ఈ ముక్కతో దొర చేతిపై దాడి చేసి గెలిస్తే, ముక్క చూసే బదులు దొర డబ్బు అయిదు దాకా ఊడగొట్టవచ్చు. పోయిన ప్రతి రూపాయికీ దొంగకు రెండు వస్తాయి, కాని రెండు ముద్రలు పడతాయి. అమ్మ నాలుగూ పోయాయి, దీనికి ఎనిమిది వచ్చాయి. రెండో పనిగా బోర్లా ముక్క తిప్పింది. అది ఉచ్చే, కాని బిగించే డబ్బేదీ? మిగిలిన రెండు పనులతో, నాలుగు రూపాయలతో ముద్రలు చెరుపుకుంది.

"నా పెన్షనంతా ఊడ్చేసిందిరా ఈ పిల్ల!" అని అమ్మ నాకు ఫిర్యాదు చేసింది. ఆ తరువాత ప్రతి ఆటలోనూ అమ్మ మొదటి కంచె తన చేతి ముందే.

సెప్టెంబరులో అమ్మ వెళ్ళిపోయింది. ఈ ఆటను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఆడుకునే చోటుంది. తెనాలిలో పక్కింటి కుర్రవాడు టాబ్లెట్‌లో అది పెట్టించి ఇచ్చాడు. మా శనివారం రాత్రి వాళ్ళకు ఆదివారం ఉదయం. ఫోను స్పీకరు మీద పెట్టి ఇద్దరూ ఆడుకుంటారు. కిందటి వారం నేను వంటింట్లో ఉండగా మా అమ్మాయి గొంతు వినపడింది: "నాయనమ్మా, మాట మార్చకు. నీ దగ్గర ఎన్ని రూపాయలున్నాయో ముందు చెప్పు."