కొత్త జిల్లాకు తొలి పరిషత్తు

రాయపూర్ దగ్గరి అభన్‌పూర్ నుంచి రాజిం వెళ్లేవారికి మహానది వంతెన దాటగానే జిల్లా మారుతుంది. ఇవతలి నవాపారా రాయపూర్ జిల్లాది. అవతలి రాజిం 2012లో ఏర్పడిన గరియాబంద్ జిల్లాది. నది అదే, జనం వాళ్లే. జిల్లా పంచాయతీ మాత్రం వేరు.

తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. కలెక్టర్లు వెంటనే వచ్చారు గానీ, 2014లో ఎన్నికైన 9 పాత పరిషత్తులే 2019 దాకా కొనసాగాయి. అంతా నగరమే అయిన హైదరాబాదును మినహాయించి 32 పరిషత్తులకు 2019 మే 6, 10, 14 తేదీల్లో బ్యాలెట్ పత్రాలతో పోలింగ్ జరిగింది.

ఇక లెక్క చూద్దాం. తెలంగాణలో మండలం పెద్దదైనా చిన్నదైనా జడ్పీటీసీ స్థానం ఒక్కటే. ఛత్తీస్‌గఢ్‌లో జనాభాను బట్టి నియోజకవర్గాలు గీస్తారు. నాకు ఇదే న్యాయమనిపిస్తుంది. అయితే మన సభ్యుడెవరో చప్పున తెలిసేది మండల పద్ధతిలోనే.

రాజ్యాంగంలోని 243సి అధికరణం ప్రకారం అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది ఓటర్లు కాదు, గెలిచిన సభ్యులు. సుమారు 50 మంది సభ్యులున్న పాత వరంగల్ పరిషత్తులో ఆధిక్యానికి 26 మంది కావాలి. ములుగు ఏర్పడేనాటికి అక్కడున్నవి 9 మండలాలే. తొమ్మిదింటికీ సభ్యులుంటే ఐదుగురు చాలు! ఆ ఐదుగురిలో ఒక్కరు అటు మొగ్గినా పీఠం తారుమారే. పెద్ద పరిషత్తులో ఒక్కరి అలక అంతగా లెక్కకు రాదు.

2019 జూన్ 4న ఓట్లు లెక్కించారు. నాలుగు రోజులకు అధ్యక్షుల ఎన్నిక జరిగింది. 32 పీఠాలూ టీఆర్ఎస్‌కే దక్కాయి.