బళ్ళారి సరిహద్దు సీమలో సాంఘిక భద్రత: పింఛనుదారుల స్థితిభేదములు, వానిని తెలుపవలసిన విధము

వార్ధక్యము, వైధవ్యము, అంగవైకల్యము - ఈ మూడును మనుష్యుని శ్రమశక్తిని హరించునవి. శ్రమయే జీవనాధారమైన కుటుంబములందు ఇవి సంభవించినపుడు సంఘము ఆదుకొనవలెనను భావము మన దేశమునకు క్రొత్తది కాదు. కాని ఆ సాయము దాత దయగా గాక పౌరుని హక్కుగా, నెలనెలా చేతికందు పైకముగా పరిణమించుట ఇటీవలి చరిత్ర. నిరుద్యోగము, వార్ధక్యము, వ్యాధి, అంగవైకల్యము కలిగినపుడు ప్రజలకు ప్రభుత్వ సహాయము లభించునట్లు రాజ్యము తన ఆర్థికశక్తికి లోబడి ఏర్పాట్లు చేయవలెనని భారత రాజ్యాంగములోని 41వ అధికరణము నిర్దేశించుచున్నది.

దయకును హక్కునకును ఒక భేదము కలదు. దాత ముఖము చూచి ఇచ్చును. ప్రభుత్వము కాగితము చూచి ఇచ్చును. కాగితములోని మనిషియు ఊరిలోని మనిషియు ఒక్కటిగా ఉన్నంతకాలము చిక్కు లేదు. మనిషి స్థితి మారి కాగితము మారనపుడు రావలసిన పైకము నిలిచిపోవుటయో, రాకూడని పైకము వచ్చి పిదప వసూలునకు దారితీయుటయో జరుగును. బళ్ళారి వంటి సరిహద్దు జిల్లాలో ఈ చిక్కు రెండింతలగును. ఏలయన అచట కుటుంబము ఒక్కటియే అయినను కాగితములు రెండు రాష్ట్రములకు చెందినవి.

సరిహద్దు ఏర్పడిన తీరు

1800లో నిజాము కుంఫిణీవారికి అప్పగించిన దత్తమండలములలో బళ్ళారి ఒక భాగము. మదరాసు రాజధానిలో చిరకాలముండిన ఈ జిల్లా 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు విభక్తమైనది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చినవి. బళ్ళారి తాలూకా విషయమై వివాదము చెలరేగగా జస్టిస్ మిశ్రా విచారణ జరిపిన పిమ్మట అదియు, హోసపేట, సిరుగుప్ప, సండూరు మొదలగు తాలూకాలును మైసూరు రాష్ట్రమున చేరినవి. 1973లో మైసూరు రాష్ట్రము కర్ణాటకమైనది. 2021లో హోసపేట కేంద్రముగా విజయనగర జిల్లా వేరుపడగా నేటి బళ్ళారి జిల్లా మరింత చిన్నదైనది.

గీత గీసినంతమాత్రమున బంధుత్వములు తెగలేదు. ఆలూరు పిల్లను సిరుగుప్పకు ఇచ్చుట, రాయదుర్గము యువకుడు బళ్ళారి అంగడిలో పనికి కుదురుట, గుంతకల్లునుండి రైలెక్కి తోరణగల్లు ఉక్కు కర్మాగారమునకు కూలికి పోవుట - ఇవన్నియు నిత్యకృత్యములు. వృద్ధులు కొన్నినెలలు కొడుకు నొద్దను, కొన్నినెలలు కూతురి నొద్దను గడుపుదురు. వారి దృష్టిలో అది ఊరు మారుట మాత్రమే. శాసనదృష్టిలో అది రాష్ట్రము మారుట.

రెండు రాష్ట్రముల భృతులు

దేశమున వృద్ధాప్య పింఛనును మొదట ప్రవేశపెట్టినది ఉత్తరప్రదేశ్, అది 1957లో. ఆంధ్రప్రదేశ్ 1960లోను, మైసూరు 1965లోను ఆ మార్గమున నడచినవి. కేంద్రప్రభుత్వము 1995 ఆగస్టు 15న జాతీయ సాంఘిక సహాయ కార్యక్రమమును ఆరంభించి, 65 ఏండ్లు దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు తన వంతుగా నిర్ణయించెను. 2011లో అర్హతా వయస్సు 60 ఏండ్లకు తగ్గింపబడినది. కేంద్రపు వంతు 79 ఏండ్లవరకు 200 రూపాయలు, 80 ఏండ్లు నిండినవారికి 500 రూపాయలు అయినది.

ఈ స్వల్పమొత్తమునకు రాష్ట్రములు తమ నిధులనుండి చేర్చునదియే పింఛనులో అధికభాగము. కర్ణాటకము 2007లో 65 ఏండ్లు దాటినవారికై సంధ్యాసురక్ష పథకమును నెలకొల్పెను. 2021లో దాని మొత్తము 1,200 రూపాయలకును, వితంతు పింఛను 800 రూపాయలకును పెరిగినవి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. భరోసా పేరిట వృద్ధులకును వితంతువులకును 2024 నుండి నెలకు 4,000 రూపాయలు నిర్ణయమైనవి. వికలాంగులకు 6,000 రూపాయలు. కర్ణాటకమున పైకము బ్యాంకు లేక తపాలా ఖాతాలో జమయగును. ఆంధ్రమున గ్రామ, వార్డు సచివాలయ సిబ్బంది నెల మొదట ఇంటికి వచ్చి చేతికిత్తురు. ఇంటివద్ద ఉండుట అచట పింఛనులో ఒక భాగమైనది.

ఈ తారతమ్యమును చూచి కర్ణాటకమున స్థిరపడినవారు ఆంధ్రపు చిరునామాను విడువక ఉంచుకొనుటయు, రెండు చోట్లను పేరు ఎక్కించుకొనుటయు సంభవింపవచ్చును. ఇది అక్రమము. ఆధారు సంఖ్య రెండు పట్టికలందును ఒక్కటియే కావున బయటపడకమానదు. బయటపడినపుడు ఒకటి కాదు, రెండును నిలిచిపోవు ప్రమాదము కలదు.

దాటునవి, దాటనివి

ఏ హక్కు మనిషితో కూడ సరిహద్దు దాటును, ఏది దాటదు అను వివేకము ఈ సీమవారికి మిక్కిలి అవసరము. బియ్యము దాటును: 2020 జనవరి 1 నుండి ఆంధ్ర, కర్ణాటకములతో సహా 12 రాష్ట్రములలో ఒకచోటి రేషను కార్డుపై మరియొకచోట కేంద్రపు ధాన్యమును పొందు ఏర్పాటు అమలునకు వచ్చినది, పిదప అది దేశమంతటను వ్యాపించినది. కార్మికుని పేరిట యజమాని వాటానుండి కూడిన హక్కును దాటును: 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకము క్రింద పింఛను పొందువారు దేశమున ఎచట నివసించినను అది వారికి అందును, 2025 జనవరి నుండి ఏ బ్యాంకు శాఖలోనైనను తీసికొను వీలు కల్పింపబడినది. సండూరు గనులలోను, తోరణగల్లు కర్మాగారములలోను పనిచేసి విరమించినవారికి ఇది వర్తించును.

రాష్ట్రప్రభుత్వపు సహాయ పింఛను మాత్రము దాటదు. అది చందాలనుండి గాక ఆ రాష్ట్రపు ఖజానానుండి, ఆ రాష్ట్ర నివాసులకే ఇయ్యబడును. ఐరోపా సమాఖ్య దేశములందును ఇట్టి భేదమే కలదు. పనిచేసి ఆర్జించిన వృద్ధాప్య పింఛను మరియొక దేశమునకు పోయినను ఆగదు. పన్నులనుండి ఇచ్చు కొన్ని సహాయభృతులు నివాసదేశమునందే నిలిచిపోవును.

తెలుపవలసిన మార్పులు

మొదటిది నివాసము. ఆంధ్రప్రదేశ్ లోపల ఊరు మారినవారు తమ పింఛనును ఒక సచివాలయమునుండి మరియొక సచివాలయమునకు బదిలీ చేయించుకొనవచ్చును. కర్ణాటకము లోపల మారినవారు క్రొత్త చిరునామాను నాడకచేరియందు తెలుపవలెను. రాష్ట్రమే మారినచో బదిలీ లేదు. పాతదానిని రద్దుచేయించి, క్రొత్తచోట నివాసము స్థిరపడిన పిదప అర్హతననుసరించి మరల దరఖాస్తు పెట్టవలెను. నడుమ కొన్నినెలలు చేతిలో పైకము లేకపోవచ్చును. ఆ నెలలకు కుటుంబము ముందుగనే సిద్ధపడుట మేలు. కొలదికాలపు రాకపోకలు నివాసమార్పు కావు. ఆంధ్రమున వరుసగా రెండునెలలు తీసికొననివారికి మూడవనెలలో అన్నియు కలిపి ఇచ్చు సౌకర్యము 2024 చివర కలిగినది. ఆలూరు వృద్ధురాలు బళ్ళారిలో కూతురి పురుటికి పోయి నిలిచినను, మూడవనెల పంపిణీనాటికి స్వగ్రామము చేరుకొన్నచో నష్టము లేదన్నమాట.

రెండవది వివాహము. వితంతు పింఛను పునర్వివాహముతో ముగియును. ఉద్యోగుల పింఛను పథకమందును వితంతువునకు ఇదే నియమము. కాని మరణించిన కార్మికుని పిల్లలకు 25 ఏండ్ల వరకు ప్రత్యేకమైన హక్కు కలదు. తల్లి పునర్వివాహమును దాచుటచే పిల్లల హక్కు పెరగదు, తెలుపుటచే తరగదు. కార్మికులు మరచు విషయము మరియొకటి కలదు. భవిష్యనిధిలో వివాహమునకు పూర్వము వ్రాసిన నామినేషను వివాహముతో చెల్లకపోవును. పెండ్లియైన వెంటనే భార్య పేరిట క్రొత్తగా వ్రాయనిచో, ఆపద వచ్చినపుడు ఆమె కార్యాలయముల చుట్టును తిరుగవలసివచ్చును.

మూడవది మరణము. 1969 నాటి జనన మరణ నమోదు చట్టము ప్రకారము మరణమును 21 దినములలో తెలుపవలెను. 30 దినములవరకు ఆలస్య రుసుముతోను, సంవత్సరమువరకు అధికారి అనుమతితోను నమోదు చేయుదురు. సంవత్సరము దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను. మరణానంతరము ఖాతాలో పడిన పింఛను కుటుంబమునకు చెందదు. దానిని తీసికొనుట స్వల్పలాభము. మరణమును దాచుటచే పోవునది అధికము. ఏలయన మరణపత్రము లేనిదే భార్యకు వితంతు పింఛను రాదు. సంపాదించువాడు 18 నుండి 59 ఏండ్లలోపు మరణించినచో నిరుపేద కుటుంబమునకు జాతీయ కుటుంబ సహాయ పథకము క్రింద ఒక్కమారు లభించు 20,000 రూపాయలును రావు. కర్ణాటకమున 2023లో ఆరంభమైన గృహలక్ష్మి పథకమున నెలకు 2,000 రూపాయలు రేషను కార్డులో ఇంటి యజమానురాలుగా పేర్కొనబడిన స్త్రీకి చెందును. అత్త మరణించినపుడు కార్డు సవరింపనిచో కోడలికి ఆ హక్కు సంక్రమింపదు. కావున మరణవార్తను తెలుపుట పోగొట్టుకొనుట కాదు. జీవించియున్నవారికి ద్వారము తెరచుట.

నాలుగవది జీవించియుండుట. ఇది మార్పు కాదు గదా యని తోచును. కాని కార్యాలయమునకు మౌనమును మరణమును ఒక్కటే. ఉద్యోగుల పింఛను పొందువారు సంవత్సరమునకొకమారు జీవన ప్రమాణపత్రము నీయవలెను. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ ఏర్పాటుచే వ్రేలిముద్రతోనే దీనిని సమర్పింపవచ్చును. పొలములందు అరిగిన వ్రేళ్ళకు ముద్ర పడనిచో కంటిపాపతోనో, ముఖమును చూపియో ధ్రువపరచు మార్గములును కలవు.

ఐదవది వైకల్యము. వికలాంగ ధ్రువపత్రములు కొన్ని శాశ్వతములు, కొన్ని కాలపరిమితి గలవి. గడువు తీరకమునుపే పరీక్షకు పోవలెను; తీరిన పిదప పోయినచో నడుమ నెలలు నష్టమగును.

పేరు వలని చిక్కు

బళ్ళారి సీమకు విశేషమైన కష్టము పేరులోనున్నది. వీరమ్మ ఒక పత్రమున వీరమ్మయై, మరియొకదానిలో ఈరమ్మ యగును. హనుమంతమ్మ అనుమంతమ్మ యగును. ఆంధ్రపు కార్డులో ఇంటిపేరు ముందుండును. కర్ణాటకపు కార్డులో అది లేకపోవచ్చును, లేదా ఊరిపేరో తండ్రిపేరో ఆ స్థానమున చేరవచ్చును. తెలుగునుండి ఇంగ్లీషు అక్షరములలోనికి, అందుండి కన్నడములోనికి పోవునపుడు రూపము మరల మారును. ఊరివారికి ఆమె ఒక్కతెయే, యంత్రమునకు ముగ్గురు. కావున ఏ దరఖాస్తుకైనను ముందు ఆధారు, రేషను కార్డు, బ్యాంకు ఖాతా - ఈ మూడింటియందును పేరు, పుట్టినతేదీ ఒక్కరీతిగా ఉన్నవో లేవో చూచుకొనుట ప్రథమకర్తవ్యము. పుట్టినతేదీని ఒకచోట దిద్ది తక్కినచోట్ల విడుచుట తప్పును రెండింతలు చేయుటయే.

ఇట్టి కష్టము ఈ సీమకే పరిమితము కాదు. 1908 నాటి బ్రిటిషు చట్టము 70 ఏండ్లు దాటినవారికి పింఛను నిచ్చినపుడు, ఐర్లండులో జనన నమోదు 1864లోగాని సంపూర్ణముగా ఆరంభము కాకుండుటచే, అచటి వృద్ధులు తమ వయస్సును రుజువు చేయజాలకపోయిరి. అప్పుడు 1841, 1851 సంవత్సరముల జనాభా లెక్కల పుటలను వెదకి, అందు బాలురుగా నమోదైన తమ పేర్లను చూపిరి. కాగితము మనిషిని మరచినపుడు పాత కాగితమే సాక్ష్యము పలికినది. ఈ సీమయందును పాఠశాల రికార్డులు, పాత రేషను కార్డులు, వోటరు జాబితాలు పారవేయక దాచుకొనుటలోని ప్రయోజన మిదియే.

కర్తవ్యము

ప్రతి మార్పునకును మూడు పనులు చాలును: దానిని వ్రాతమూలముగా తెలుపుట; తెలిపినట్లు రసీదు తీసికొనుట; ఆ రసీదును ఖాతాపుస్తకముతో కలిపి భద్రపరచుట. కన్నడము చదువలేని తెలుగు వృద్ధులకును, తెలుగు చదువలేని కన్నడ వృద్ధులకును ఈ మూడును దుష్కరములే. రెండు భాషలను ఎరిగిన యువకులు సరిహద్దున కొరత లేదు. తెలుగు సంఘములు, కన్నడ సంఘములు ఉత్సవములతో పాటు, సంవత్సరమున ఒక్కదినము ఊరి వృద్ధుల పత్రములను సరిచూచుటకు వినియోగించినచో, దానివలని మేలు వెంటనే కనబడును. నాడు తాలూకాల కొరకు జరిగిన వాదములందు రెండు పక్షములవారును ప్రజలు తమవారే యని చాటిరి. ఆ మాటకు నేటి అర్థము, సరిహద్దునకు ఏ వైపుననున్న వృద్ధురాలికైనను నెల మొదట రావలసిన పైకము తప్పక చేరునట్లు చూచుటయే.