ఒకే పేజీలో ఉర్దూ, తెలుగు.. డెవలపర్‌కు అసలు పరీక్ష ఇదే

హైదరాబాద్‌లో ఉర్దూ, తెలుగు రెండూ ఉండే సైటు తయారుచేసే కుర్ర డెవలపర్ రోజు వీఎస్ కోడ్ తెరవడంతో మొదలవుతుంది. ఫిగ్మాలో గీసుకున్న డిజైన్ చూడ్డానికి బాగానే ఉంటుంది. అందులో అసలు వార్త పెట్టేసరికి తంటా మొదలు.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. కోడ్‌లో 'ఆర్‌టీఎల్' అని రాస్తే ఆ పని చాలావరకు అయిపోతుంది. కష్టమంతా వరుసల ఎత్తు దగ్గరే. నస్తలీఖ్‌లో అక్షరాలు కుడివైపు పైనుంచి ఎడమకు వాలుగా దిగుతాయి. తెలుగులోనేమో గుడులు పైన, ఒత్తులు కింద. ఇంగ్లిష్‌కు సరిపోయే 1.2 లైన్ హైట్ ఇచ్చి బాక్సు బిగించేస్తే రెండూ తెగుతాయి. ఒత్తు పోతే 'అన్న' కాస్తా 'అన' అవుతుంది. తెలుగుకు 1.6 దాకా, ఉర్దూకు 2 పైన ఇస్తే గానీ ఊపిరాడదు.

ఇంకో చిక్కు కంటికి కనబడదు. అరబిక్ కాఫ్, ఉర్దూ కాఫ్ పదం మధ్యలో ఒకేలా ఉంటాయి, యూనికోడ్‌లో మాత్రం నంబర్లు వేరు. ఒక కీబోర్డుతో కొట్టిన 'అక్బర్'ను ఇంకో కీబోర్డుతో వెతికిన పెద్దాయనకు అలాంటి వార్తే లేదని సైటు చెప్పేస్తుంది. అందుకే సేవ్ చేసేముందే రెండింటినీ ఒకటి చేసేయాలి.

ఒకప్పుడు చాలా ఉర్దూ పత్రికలు ఇన్‌పేజ్‌లో కూర్చిన పేజీని బొమ్మగా సైట్లో పెట్టేవి. చదవొచ్చు గానీ వెతకలేం. చూపు లేనివారి స్క్రీన్ రీడర్‌కైతే అది ఖాళీ కాగితమే. 2014లో గూగుల్ ఉచితంగా ఇచ్చిన నోటో నస్తలీఖ్ ఉర్దూ లాంటి ఫాంట్లతో ఆ అవసరం తగ్గింది.

రాత్రి చివరి పని, అమ్మీ పాత ఫోన్‌లో పేజీ తెరిచి చూడటం. లాప్‌టాప్‌లో కనబడని తప్పులు అక్కడే బయటపడతాయి.