ఫ్యూజు కాపాడేది తీగనే

బెంగళూరులో విమాన పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ 1987లో ఎగరేసిన తేలికపాటి కెనార్డ్ (ముందువైపు చిన్న రెక్క ఉండే) పరిశోధన విమానానికి మూలం అమెరికా డిజైనర్ బర్ట్ రుటాన్ గీసిన లాంగ్-ఈజీ. ఔత్సాహికులు సొంత షెడ్డులో కట్టుకునేందుకు గీసిన నమూనా అది. అందులో వెనక చక్రాలు ముడుచుకోవు. ముందు చక్రం ఒక్కటే ముక్కులోకి ముడుచుకుంటుంది. పైలట్ హ్యాండిల్ తిప్పి దాన్ని దించుకోవాలి. తర్వాత చాలామంది సొంత విమానాల్లో హ్యాండిల్ తీసేసి మోటారు బిగించుకున్నారు. సౌకర్యమే, కాదనలేం. కాకపోతే కరెంటు లేకున్నా జరిగే పని కాస్తా కరెంటు మీద ఆధారపడింది.

మోటారుకు బ్రేకర్ పెట్టాం కదా, ఇక భయం లేదనుకుంటారు. బ్రేకర్ కాపాడేది తీగను, చక్రాన్ని కాదు. కరెంటు రెట్టింపైతే తీగలో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. తీగ కాలకముందే దారి తెంచడం బ్రేకర్ పని. మోటారు కదలడం మొదలుపెట్టినప్పుడు మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగి, వెంటనే తగ్గుతుంది. చక్రం ఇరుక్కుంటే మాత్రం ఆ లాగుడు తగ్గదు. ఈ రెంటికీ తేడా పట్టేది వేడికి నిదానంగా స్పందించే బ్రేకరే. అది పడిందంటే తన పని సరిగ్గా చేసినట్టే; చక్రం మాత్రం సగం దారిలో నిలిచిపోతుంది. రక్షణ పనిచేయడం వల్లే చక్రం ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి, దాన్ని దించే రెండో దారి అదే బ్రేకరు, అదే స్విచ్చు, అదే మోటారు గుండా పోకూడదు.

బ్రేకర్ ఊరికే పడుతోందని పెద్దది వేస్తే? ఇంట్లో ఫ్యూజు పోతోందని లావు తీగ చుట్టినట్టే. పెద్ద బ్రేకర్ కావాలంటే ముందు తీగను లావు చేయాలి. పైలట్ మళ్లీ నొక్కి చూడవచ్చు కదా అంటారు. ఒక్కసారి, అదీ తప్పనిసరైతేనే. మళ్లీ పడితే లోపం నిజమైనదే. రెండో దారి పెడితే బరువు పెరుగుతుందన్న అభ్యంతరం మాత్రం న్యాయమైనది. అంత బరువు మోయలేకపోతే చక్రాలు ముడవడమే మానుకోవచ్చు: ఎన్‌ఏఎల్ తయారుచేసిన శిక్షణ విమానం హంసకు చక్రాలు స్థిరంగానే ఉంటాయి. ముడిచేవే కావాలంటే, విమానాన్ని జాకీల మీద నిలిపి, బ్రేకర్ లాగేసి, రెండో దారిలో చక్రం దించి చూడాలి. నేల మీద ఎదురుగాలి తోపు ఉండదు గనుక ఆ పరీక్షను తగినంత ఎత్తులో, తక్కువ వేగంలో మరోసారి చేయాలి.